ఇంట్లో బ్రెడ్ తయారీ: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రెడ్ చేయడానికి ఏమేం కావాలి?

పిండి, నీళ్లు, ఈస్ట్, ఉప్పు. ఈ నాలుగూ ఉంటే బ్రెడ్ అవుతుంది. పంచదార, నూనె, వెన్న, పాలు, గుడ్డు మన ఇష్టం. సామాన్లలో ఓవెన్, ఒక లోఫ్ టిన్, పెద్ద గిన్నె ఉంటే చాలు. డబ్బు పెట్టాలనుకుంటే ముందు డిజిటల్ తూకం, ఆ తర్వాత గుచ్చి చూసే థర్మామీటర్ కొనండి. ఖరీదైన మిక్సర్ చేతుల శ్రమ తగ్గిస్తుందే గానీ పిండి సరిగ్గా పొంగిందో లేదో చెప్పదు. అది మనమే చూసుకోవాలి.

మొదటిసారి చేస్తున్నాను. నమ్మకమైన కొలత ఒకటి చెబుతారా?

మైదా 500 గ్రాములు, నీళ్లు 325 గ్రాములు, ఉప్పు 10 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 5 గ్రాములు. మెత్తటి బ్రెడ్ కావాలంటే పంచదార 15 గ్రాములు, నూనె లేదా వెన్న 20 గ్రాములు చేర్చండి. ఇది 9 అంగుళాల పొడవు, 5 అంగుళాల వెడల్పు ఉన్న టిన్‌కి సరిపోతుంది.

పొడి సరుకులన్నీ కలిపి నీళ్లు పోయండి. పొడిపిండి ఎక్కడా కనబడకుండా కలిపి, మూతపెట్టి 20 నిమిషాలు వదిలేయండి. తర్వాత నూనె వేసి 8 నుంచి 10 నిమిషాలు బాగా పిసకండి. మళ్లీ మూతపెట్టి రెట్టింపయ్యేదాకా ఉంచండి. నెమ్మదిగా గాలి తీసి, పరిచి, బిగుతుగా చుట్టచుట్టి, అతుకు కిందకు వచ్చేలా నూనె రాసిన టిన్‌లో పెట్టండి. పిండి టిన్ అంచు దాటి ఒక వేలెడు పైకి వచ్చాక, ముందే వేడిచేసిన ఓవెన్‌లో 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నుంచి 35 నిమిషాలు కాల్చండి.

ఇక్కడ 'రెట్టింపయ్యేదాకా' అన్నాను గానీ 'ఒక గంట' అనలేదు చూశారా? కింద ఉన్న ప్రశ్నల్లో సగం అక్కడే పుడతాయి.

గ్రాముల్లో తూచడం తప్పదా? కప్పులతో కుదరదా?

కుదురుతుంది, కానీ ఈసారి వచ్చిన బ్రెడ్ మళ్లీ వస్తుందని చెప్పలేం. ఒకే కప్పులో పిండి వదులుగా పోస్తే 120 గ్రాములు ఉండొచ్చు, అదే కప్పుని డబ్బాలో ముంచి నొక్కి తీస్తే 150 దాటొచ్చు. మూడు నాలుగు కప్పులు కొలిచేసరికి తేడా వంద గ్రాముల పైనే. పిండి గట్టిపడిందని కంగారుపడి నీళ్లు పోయడం, జారైందని మళ్లీ పిండి వేయడం... ఈ తిప్పలన్నీ తూకం లేకపోవడం వల్లే.

వంటకాల్లో '65 శాతం నీళ్లు' అని రాస్తారు. దేనిలో 65 శాతం?

పిండి బరువులో. బేకర్లు పిండిని ఎప్పుడూ 100గా తీసుకుని మిగతావన్నీ దానితో పోల్చి చెబుతారు. పైన ఇచ్చిన కొలతలో నీళ్లు 65 శాతం, ఉప్పు 2 శాతం, ఈస్ట్ 1 శాతం. ఈ లెక్క పట్టుబడితే 300 గ్రాముల పిండికైనా రెండు కిలోలకైనా మీరే కొలతలు వేసుకోవచ్చు. కొత్త వంటకం చూడగానే అది పనికొచ్చేదా కాదా అన్నదీ తెలిసిపోతుంది. ఉప్పు 4 శాతం అని కనబడితే ఆ వంటకం జోలికి పోకండి.

మైదా వాడాలా, గోధుమపిండి వాడాలా?

బ్రెడ్ పొంగడానికి కారణం గ్లూటెన్. పిండి తడిసినప్పుడు గ్లూటెనిన్, గ్లయాడిన్ అనే రెండు ప్రొటీన్లు కలిసి సాగే వలగా ఏర్పడతాయి. ఈస్ట్ వదిలే వాయువు ఆ వలలో చిక్కుకుంటుంది. కాబట్టి ప్యాకెట్ వెనక ప్రొటీన్ శాతం చూడండి. 11 నుంచి 13 ఉంటే బాగుంటుంది. కేకుల కోసం అమ్మే పిండిలో అది 8, 9 శాతం దగ్గర ఉంటుంది కాబట్టి బ్రెడ్‌కి పనికిరాదు.

పొట్టు తీయని గోధుమపిండిలోనూ ప్రొటీన్ బాగానే ఉంటుంది. చిక్కంతా పొట్టుతోనే. దాని ముక్కలు గ్లూటెన్ వలని అక్కడక్కడా తెంపుతాయి, నీళ్లు కూడా ఎక్కువగా తాగుతాయి. అందుకే పూర్తి గోధుమపిండితో మైదా బ్రెడ్ అంత గుల్లగా రాదు. మొదట సగం సగం కలిపి చేయండి. పూర్తిగా గోధుమపిండే కావాలంటే నీళ్లు 75 శాతం దాకా పెంచండి, కలిపాక అరగంట నాననిచ్చి అప్పుడు పిసకండి. ఇంకో సంగతి, ఈ పిండి మైదా కన్నా తొందరగా పులుస్తుంది, ఓ కన్నేసి ఉంచాలి.

ఈస్ట్‌లో రకరకాలున్నాయి. దేనికి దేన్ని ఎంత వాడాలి?

ఇన్‌స్టంట్ ఈస్ట్‌ని నేరుగా పిండిలో కలిపేయొచ్చు. యాక్టివ్ డ్రై ఈస్ట్ గింజలు కాస్త పెద్దవి, వాటిని గోరువెచ్చటి నీళ్లలో 5 నుంచి 10 నిమిషాలు నానబెట్టాలి. ముద్దగా దొరికే తాజా ఈస్ట్ ఫ్రిజ్‌లో రెండు మూడు వారాలకు మించి నిలవదు. ఇన్‌స్టంట్ 1 గ్రాము అన్నచోట యాక్టివ్ డ్రై అయితే 1.25 గ్రాములు, తాజాదైతే 3 గ్రాములు వేయండి. మూడింటిలో ఉన్న జీవి ఒకటే, శాకరోమైసిస్ సెరివిసియే. నా మటుకు ఇన్‌స్టంటే మేలు, ఒక పని తగ్గుతుంది.

ప్యాకెట్ విప్పాక గాలి చొరని డబ్బాలో ఫ్రీజర్‌లో పెట్టండి. నెలల తరబడి నిక్షేపంగా ఉంటుంది.

ఈస్ట్ బతికి ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

అర కప్పు గోరువెచ్చటి నీళ్లలో చెంచా పంచదార, చెంచా ఈస్ట్ వేయండి. పది నిమిషాల్లో నురగ కట్టాలి. కట్టలేదంటే దానితో పిండి కలిపి లాభం లేదు, పారేయండి.

నీళ్లు ఎంత వేడిగా ఉండాలి?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఈస్ట్‌కి వెచ్చదనం ఇష్టమని విని మరీ వేడినీళ్లు పోసేస్తారు. 55 డిగ్రీలు దాటితే ఈస్ట్ చచ్చిపోవడం మొదలవుతుంది. చల్లటి నీళ్లలో మాత్రం చావదు, నెమ్మదిస్తుంది అంతే. అంచనా తప్పినా చల్లదనం వైపే తప్పాలి.

బేకర్లు నీళ్ల వేడి కన్నా కలిపిన పిండి వేడినే పట్టించుకుంటారు. అది 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. దానికి ఒక చిన్న లెక్క ఉంది. మీకు కావలసిన వేడిని మూడుతో హెచ్చించి, అందులోంచి గది వేడి, పొడిపిండి వేడి తీసేయండి. మిగిలిందే నీళ్ల వేడి. ఉదాహరణకి 26 డిగ్రీలు కావాలి, గది 30, పిండి 30 అనుకుందాం. 78 లోంచి 60 పోతే 18. అంటే వెచ్చగా ఉన్న వంటగదిలో వాడాల్సింది గోరువెచ్చటివి కాదు, చల్లటి నీళ్లు! మిక్సర్ రాపిడికి పిండి ఇంకా వేడెక్కుతుంది కాబట్టి మిక్సర్‌లో కలిపేవాళ్లు మరో నాలుగైదు డిగ్రీలు తగ్గించుకోవాలి.

ఉప్పు తగిలితే ఈస్ట్ చచ్చిపోతుందంటారు, నిజమేనా?

2 శాతం ఉప్పుకి చావదు, కాస్త నెమ్మదిస్తుంది. ఆ నెమ్మది మనకి మంచిదే. ఉప్పు గ్లూటెన్‌ని బిగిస్తుంది, రుచినిస్తుంది. ఉప్పు మరిచిపోయిన బ్రెడ్ ఉరుకులు పరుగుల మీద పొంగి, జారిపోయి, చప్పగా వస్తుంది. తడి ఈస్ట్ మీద నేరుగా ఉప్పు గుమ్మరించకుండా ఉంటే చాలు.

ఎంతసేపు పిసకాలి?

చిన్న ముక్క తీసి రెండు చేతుల వేళ్లతో నెమ్మదిగా సాగదీయండి. వెలుతురు కనిపించేంత పల్చటి పొర చిరగకుండా వచ్చిందంటే చాలు. ముక్క టక్కున తెగిపోతే ఇంకాసేపు పిసకాలి. పిండి చెవి తమ్మెంత మెత్తగా, నున్నగా ఉండాలి.

మధ్యలో చేతులు నొప్పెడితే మూతపెట్టి ఓ పావుగంట వదిలేయండి, తిరిగి వచ్చేసరికి పిండి దానంతటదే మెత్తబడి ఉంటుంది. పైన చెప్పిన 20 నిమిషాల విరామం వెనక ఉన్నదీ ఇదే. పిండి తడిసి ఊరికే ఉన్నా గ్లూటెన్ ఏర్పడుతుంది. ఫ్రెంచ్ బ్రెడ్ నిపుణుడు రేమాన్ కాల్వెల్ ఈ పద్ధతిని ఆటోలీజ్ పేరుతో ప్రచారంలోకి తెచ్చాడు. ఆయన మొదట పిండి, నీళ్లు మాత్రమే కలపమన్నాడు. మనం ఇన్‌స్టంట్ ఈస్ట్, ఉప్పు ముందే వేసేస్తున్నాం. ఇంటి బ్రెడ్‌కి ఆ తేడా లెక్కలోకి రాదు.

అసలు పిసక్కుండా చేయొచ్చా?

చేయొచ్చు. న్యూయార్క్ బేకర్ జిమ్ లేహీ పద్ధతి 2006లో పత్రికలో వచ్చాక దీనికి ఎక్కడలేని పేరొచ్చింది. నీళ్లు 75 శాతం పైన, ఈస్ట్ చిటికెడు, 12 నుంచి 18 గంటల సమయం. కాలమే పిసికే పని చేసిపెడుతుంది. ఆ పిండిని మూత ఉన్న బరువైన ఇనప గిన్నెలో కాలుస్తారు. రుచిలో ఇది గంటలో పొంగించిన బ్రెడ్ కన్నా ఎన్నో రెట్లు మేలు. వంటగది బాగా వెచ్చగా ఉంటే మాత్రం 18 గంటలు చాలా ఎక్కువ, పిండి పులిసిపోతుంది.

పిండి చేతులకి అంటుకుపోతోంది. ఇంకాస్త పిండి వేయనా?

వద్దు. మొదట్లో ఏ పిండైనా అంటుకుంటుంది, నాలుగైదు నిమిషాలు పిసికాక విడుస్తుంది. చేతులు తడి చేసుకోండి, లేదా నూనె రాసుకోండి. అంటుకున్నప్పుడల్లా గుప్పెడు పిండి చల్లుకుంటూ పోతే చివరికి వచ్చేది ఇటుక.

ఎంతసేపు పొంగనివ్వాలి?

పిండి ఎంత పొంగిందో చూడాలి, గడియారం చూసి లాభం లేదు. వంటకంలో గంట అని రాసినవాళ్ల వంటగది మీ వంటగది కాదు. వేడి ఒక 8, 10 డిగ్రీలు పెరిగితే పులిసే వేగం దాదాపు రెట్టింపవుతుంది. 20 డిగ్రీల గదిలో రెండు గంటలు పట్టేది 30 డిగ్రీల గదిలో గంటకే అయిపోవచ్చు.

కంటి అంచనా మోసం చేస్తుంది, ముఖ్యంగా వెడల్పాటి గిన్నెలో. పిండిని నిలువు గోడలున్న డబ్బాలో వేసి, పిండి ఎత్తు దగ్గర రబ్బరుబ్యాండు వేయండి. దానికి రెట్టింపు ఎత్తు వచ్చినప్పుడే తర్వాతి పని. ఇంత చిన్న పనితో సగం టెన్షన్ పోతుంది.

చలిగా ఉంటే ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి పిండి అందులో పెట్టండి. పక్కన వేడినీళ్ల గిన్నె ఉంచినా సరే. ఎండలో పెట్టొద్దు, పైభాగం ఎండి చెక్కు కడుతుంది.

రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?

పెట్టొచ్చు, పెట్టండి కూడా. 4 డిగ్రీల దగ్గర ఈస్ట్ చాలా మందగిస్తుంది. ఆ నెమ్మదైన పులియడంలో ఆమ్లాలు, ఆల్కహాల్, సువాసనలు కూడుకుని రుచి వస్తుంది. ఈస్ట్ సగానికి తగ్గించి, కలిపిన పిండిని అరగంట బయట ఉంచి ఫ్రిజ్‌లో పెట్టేయండి. మర్నాడు తీసి చుట్టి, టిన్‌లో పెట్టండి. చల్లటి పిండి కాబట్టి రెండోసారి పొంగడానికి గంటన్నర, రెండు గంటలు పట్టొచ్చు. ఉద్యోగాలు చేసేవాళ్లకి ఇంతకన్నా అనువైన పద్ధతి లేదు.

రెండోసారి పొంగాక ఓవెన్‌లో ఎప్పుడు పెట్టాలి?

వేలికి పిండి అద్దుకుని అర అంగుళం లోపలికి నొక్కి చూడండి. గుంట వెంటనే పూడితే ఇంకా సమయం ఉంది. నెమ్మదిగా, సగం మాత్రమే పూడితే అదే అదను. అసలు పూడకుండా అలాగే ఉంటే ఆలస్యమైపోయింది. ఆలస్యమైందని పారేయక్కర్లేదు. గాలి తీసి మళ్లీ చుట్టి పొంగనివ్వండి, ఒకసారికి ఏమీ కాదు.

ఓవెన్ మాత్రం ముందే వేడెక్కి సిద్ధంగా ఉండాలి. పిండి సిద్ధమయ్యాక స్విచ్ వేస్తే ఆ పావుగంటలో అదను దాటిపోతుంది.

ఓవెన్‌లో నీళ్లు ఎందుకు పెడతారు?

ఆవిరి కోసం. మొదటి 10, 15 నిమిషాలు లోపల ఆవిరి ఉంటే పైపొర తొందరగా గట్టిపడదు, లోఫ్ ఇంకా పైకి లేస్తుంది. పైపొర మీది పిండిపదార్థం తడికి ఉడికి, తర్వాత పల్చగా, మెరుస్తూ, కరకరలాడుతుంది. టిన్‌లో చేసే మెత్తటి బ్రెడ్‌కి ఇదంతా అక్కర్లేదు. గుండ్రటి పల్లెటూరి బ్రెడ్‌కి కావాలంటే మూత ఉన్న బరువైన గిన్నెను 230 డిగ్రీల్లో కాల్చి, అందులో పిండి పెట్టి, 20 నిమిషాలు మూతతో, మరో 20 నిమిషాలు మూత లేకుండా కాల్చండి. పిండిలోని తేమే ఆవిరవుతుంది. వేడెక్కిన గాజు తలుపు మీద నీళ్లు చల్లొద్దు, పగులుతుంది.

బ్రెడ్ లోపల ఉడికిందని ఎలా తెలుసుకోవాలి?

రంగు నమ్మొద్దు. పంచదార, పాలు వేసిన బ్రెడ్ లోపల పచ్చిగా ఉండగానే పైన ఎర్రబడిపోతుంది. థర్మామీటర్ మధ్యలోకి గుచ్చండి. పాలు, వెన్న వేసినదైతే 88 నుంచి 90, ఉత్త నీళ్లతో చేసినదైతే 95 డిగ్రీలు దాటాలి. అడుగున తట్టి బోలు శబ్దం వినడం పాత పద్ధతే గానీ చెవికి అలవాటు కావాలి. పైన మాడుతున్నట్టుంటే అల్యూమినియం ఫాయిల్ కప్పి కాల్చడం కొనసాగించండి.

వేడివేడిగా కోసుకోవచ్చా?

వాసనకి ఆగలేం, నిజమే. కానీ ఓవెన్‌లోంచి తీసేసరికి లోపలి పిండిపదార్థం ఇంకా జిగటగానే ఉంటుంది, చల్లారుతూ గట్టిపడుతుంది. ముందే కోస్తే కత్తికి బంకగా అంటుకుని ముక్క నలుగుతుంది. కనీసం గంట ఆగండి. టిన్‌లోంచి వెంటనే తీసి జాలీ మీద పెట్టకపోతే అడుగు చెమ్మగిల్లుతుంది.

నా బ్రెడ్ గట్టిగా, బరువుగా వచ్చింది. కారణం?

నూటికి తొంభై పాళ్లు సరిగా పొంగకముందే కాల్చేశారు. ఆ తర్వాత వరసలో నీళ్లు తక్కువ కావడం, పాత ఈస్ట్, ప్రొటీన్ తక్కువ పిండి. లోఫ్ ఒక పక్క బద్దలై పైకి తన్నుకొస్తే అదీ పొంగడం చాలకే.

ఓవెన్‌లో పెట్టగానే మధ్యలో కుంగిపోయింది?

ఇది తిరగబడ్డ కేసు, ఎక్కువ పొంగింది. గాలి నిండిన పొరలు బలహీనపడి ఓవెన్ వేడికి నిలవలేకపోయాయి. పుల్లటి, ఆల్కహాల్ వాసన కూడా వస్తుంటే అనుమానమే అక్కర్లేదు.

పైపొర కింద పెద్ద డొల్ల వస్తోంది.

చుట్టేటప్పుడు గాలి చిక్కుకుంది, లేదా మధ్యలో పొడిపిండి ఎక్కువ చల్లారు.

అంగట్లో బ్రెడ్ రోజుల తరబడి మెత్తగా ఉంటుంది. మనది మర్నాటికే బిరుసెక్కుతుంది, ఎందుకు?

ఫ్యాక్టరీ బ్రెడ్ దారి వేరు. 1961లో ఇంగ్లండ్‌లోని చోర్లీవుడ్‌లో తయారైన పద్ధతిలో పిండిని యంత్రాలు కొద్ది నిమిషాల్లోనే అతివేగంగా కలిపేస్తాయి. గట్టి కొవ్వు, ఎమల్సిఫయర్లు, ఎంజైములు తోడై మెత్తదనాన్ని నిలబెడతాయి.

ఇంట్లో దానికి దగ్గరగా వచ్చే ఉపాయం టాంగ్‌జాంగ్. మొత్తం పిండిలోంచి 25 గ్రాములు తీసి, 125 గ్రాముల నీళ్లు లేదా పాలలో కలిపి, 65 డిగ్రీలు వచ్చేదాకా సన్నటి మంట మీద తిప్పుతూ ఉడికించండి. చిక్కటి గంజి అవుతుంది. చల్లార్చి మిగతా పిండిలో కలపండి, వాడిన నీళ్లని మొత్తంలోంచి తగ్గించుకోండి. ఉడికిన పిండి తేమని పట్టి ఉంచుతుంది కాబట్టి బ్రెడ్ మూడు రోజులైనా మెత్తగా ఉంటుంది.

బ్రెడ్‌ని ఫ్రిజ్‌లో దాచొచ్చా?

బిరుసెక్కడమంటే ఎండిపోవడమే అనుకుంటాం. కాదు. తేమ పోకుండా మూసి ఉంచినా బ్రెడ్ బిరుసెక్కుతుందని ఫ్రెంచ్ శాస్త్రవేత్త బుసాంగో 1852లోనే చూపించాడు. ఉడికిన పిండిపదార్థం చల్లారాక మళ్లీ వరసకట్టి గట్టిపడుతుంది. ఈ మార్పు అన్నిటికన్నా వేగంగా జరిగేది ఫ్రిజ్‌లో ఉండే చల్లదనంలోనే. ఫ్రీజర్‌లో దాదాపు ఆగిపోతుంది. కాబట్టి రెండు రోజులకి సరిపడా బయట ఉంచి, మిగతాది ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టండి. తీసిన ముక్క నేరుగా టోస్టర్‌లోకి వెళ్లొచ్చు. బిరుసెక్కిన లోఫ్‌ని ఓవెన్‌లో కాసేపు వేడిచేస్తే మెత్తబడుతుంది, కానీ చల్లారితే మళ్లీ మామూలే.

ఒక మూల బూజు కనబడితే ఆ ముక్క తీసేసి మిగతాది తినకండి, పోగులు కంటికి కనబడకుండా లోపలికి పాకి ఉంటాయి. ఉక్కపోత వాతావరణంలో ఇంకో జబ్బు వస్తుంది. ముక్క తుంచితే సన్నటి జిగురు తీగలు సాగుతాయి, బాగా మగ్గిన పండు వాసన వేస్తుంది. బాసిల్లస్ జాతి బ్యాక్టీరియా పని అది. దాని బీజాలు ఓవెన్ వేడికి కూడా చావవు. ఆ బ్రెడ్ పారేసి, గిన్నెలు, గట్టు వెనిగర్‌తో తుడవండి.

సోర్‌డో స్టార్టర్ (ప్యాకెట్ ఈస్ట్ బదులు పుల్లటి బ్రెడ్‌కి వాడే, ఇంట్లో పులియబెట్టిన పిండి) ఎలా మొదలుపెట్టాలి?

50 గ్రాముల గోధుమపిండి, 50 గ్రాముల నీళ్లు సీసాలో కలిపి మూత వదులుగా పెట్టండి. రోజూ అందులోంచి 50 గ్రాములు ఉంచుకుని మిగతాది తీసేసి, కొత్తగా 50 గ్రాముల పిండి, 50 గ్రాముల నీళ్లు కలపండి. రెండో రోజో మూడో రోజో ఉప్పెనగా పొంగుతుంది. సంబరపడొద్దు, అది వేరే బ్యాక్టీరియా హడావుడి. తర్వాత ఒకటి రెండు రోజులు చచ్చినట్టు పడి ఉంటుంది. చాలామంది అక్కడే పారేస్తారు. పిండి వేస్తూనే ఉండండి. ఆమ్లం పెరిగాక అసలు ఈస్ట్, లాక్టిక్ బ్యాక్టీరియా స్థిరపడతాయి. పిండి వేసిన నాలుగు నుంచి ఎనిమిది గంటల్లో క్రమం తప్పకుండా రెట్టింపవుతుంటే వాడుకోవచ్చు. దానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది.

పైన నల్లటి నీళ్లు తేలితే అది ఆకలి. గులాబీ, నారింజ రంగు చారలు కనిపిస్తే మాత్రం మొత్తం పారేయాలి.

ఓవెన్ లేదు. పొయ్యి మీద అవుతుందా?

అవుతుంది. అడుగు మందంగా ఉన్న గిన్నెలో స్టాండు పెట్టి, మూతపెట్టి సన్నటి మంట మీద పది నిమిషాలు వేడిచేసి, లోపల చిన్న టిన్ పెట్టండి. సగం పిండితో చిన్న లోఫ్ చేయండి. పైన ఎర్రబడదు, అడుగు మాత్రం తొందరగా మాడుతుంది. చివర్లో పెనం మీద తిప్పి కాల్చుకోవచ్చు. ఖాళీ ప్రెషర్ కుక్కర్‌లో చేసేటట్టయితే గ్యాస్కెట్, విజిల్ తీసేయడం మరవొద్దు.

పచ్చి పిండి రుచి చూడొచ్చా?

చూడొద్దు. పొడిపిండి కూడా పచ్చి సరుకే, అందులో ఈ.కోలై, సాల్మొనెల్లా ఉండే అవకాశం ఉంది. ఇంట్లో కుక్క ఉంటే పొంగుతున్న పిండి దానికి అందకుండా పెట్టండి. కడుపులో పొంగి, ఆల్కహాల్ తయారై ప్రాణం మీదకి తెస్తుంది. తినేస్తే ఆలస్యం చేయకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.